ఇంటి వైఫైలో ఎవరో దూరారని అనుమానమా? లక్షణం, కారణం, పరిష్కారం

ఫైబర్ కనెక్షన్ ఇచ్చిన రోజు నెట్ అబ్బాయి రూటర్ గోడకి బిగించి, వైఫైకి ఇంటాయన పేరు, పాస్‌వర్డ్‌గా ఆయన ఫోన్ నంబరు పెట్టి వెళ్లిపోతాడు. చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి అదే నడుస్తుంటుంది. ముందుగా ఒక సంగతి తెలిసి ఉండాలి. రూటర్‌కి పాస్‌వర్డ్‌లు రెండు. ఒకటి ఫోన్‌లో కొట్టే వైఫై పాస్‌వర్డ్, రెండోది రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. నా ఉద్దేశంలో అసలు తాళం అదే.

నెట్ నెమ్మదించింది, ఎవరో వాడుతున్నట్టుంది

వెంటనే పక్కింటివాళ్లని అనుమానించకండి. రూటర్‌లో వైఫై పూర్తిగా ఆపేసి, ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో కలిపి స్పీడ్ చూడండి. అప్పుడూ నెమ్మదిగానే ఉంటే తప్పు లైన్‌లో ఉంది, లేదా ప్లాన్‌లో ఇచ్చిన డేటా అయిపోయింది. కేబుల్ మీద బాగానే వస్తుంటే మాత్రం వైఫై మళ్లీ ఆన్ చేసి, అందులో ఎవరున్నారో చూడాల్సిందే.

బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొట్టండి. సరైన అడ్రస్ సాధారణంగా రూటర్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. లాగిన్ అయ్యాక కనెక్ట్ అయిన పరికరాల జాబితా తెరిచి పెట్టుకుని, ఇంట్లో ఒక్కో ఫోన్‌లో వైఫై ఆపుతూ పేజీ రిఫ్రెష్ చేయండి. ఒక్కో పేరూ పోతుంది. టీవీ, కెమెరా, స్మార్ట్ బల్బు కూడా ఆపాక, ఈ జాబితా చూస్తున్న పరికరం కాక ఇంకా ఏదైనా మిగిలితే అది మీది కాదు.

ఇక్కడ చాలామంది కంగారు పడే విషయం ఒకటుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్‌ని (వైఫైలో ఒక్కో పరికరాన్నీ గుర్తుపట్టే అంకెలు, అక్షరాల వరస) దాచి ఉత్తుత్తి అడ్రస్ చూపిస్తాయి. అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, A, E లలో ఒకటైతే అది అలాంటిదే. జాబితాలో పేరు లేని పరికరం కనిపించినంత మాత్రాన టెన్షన్ అక్కర్లేదు, అది మీ అమ్మాయి ఫోనే కావచ్చు.

పాస్‌వర్డ్ మార్చాను, అయినా తెలియని ఫోన్లు వస్తూనే ఉన్నాయి

దీనికి కారణాలు మూడు. మొదటిది, కొత్త పాస్‌వర్డ్ కూడా ఫోన్ నంబరే అయ్యుంటుంది. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 లతోనే మొదలవుతాయి కాబట్టి మొత్తం కలిపినా 400 కోట్లు దాటవు. మీ ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పుడు గాల్లో వెళ్లే సమాచారాన్ని ఎవరైనా పట్టుకుంటే, తర్వాత రూటర్ దగ్గరికి రాకుండానే, మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్‌తో వాటన్నిటినీ గంటల్లో ప్రయత్నించేయగలరు. దానికి బదులు సంబంధం లేని నాలుగు తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయండి. గోంగూర, నిచ్చెన, మబ్బు, పలక లాంటివి. ఇవే పెట్టకండి, మీవి మీరు ఎంచుకోండి.

రెండోది క్యూఆర్ కోడ్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై సెట్టింగ్స్‌లో షేర్ నొక్కితే కోడ్ వస్తుంది, చాలా ఫోన్లలో దాని కింద పాస్‌వర్డ్ కూడా అక్షరాలా కనిపిస్తుంది. అంటే పండక్కి వచ్చిన బంధువుకి ఒకసారి ఇచ్చారంటే, ఆయన ఫోన్ నుంచి ఇంకొకరికి వెళ్లడానికి మిమ్మల్ని అడగనక్కర్లేదు. అతిథుల కోసం రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ విడిగా ఆన్ చేసి ఆ పాస్‌వర్డే ఇవ్వండి.

మూడోది డబ్ల్యూపీఎస్, అంటే వైఫై పాస్‌వర్డ్ కొట్టకుండా ఒక బటన్‌తోనో పిన్‌తోనో పరికరాన్ని రూటర్‌కి కలిపే పద్ధతి. దీని పిన్‌లో 8 అంకెలుంటాయి కానీ రూటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కగట్టేది. అందువల్ల 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే తేలింది. ఆపేయండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, మీ నెట్ మీద ఎవరు ఏం చేసినా ముందు పోలీసులు వచ్చేది మీ ఇంటికే. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు మీడియాకు వెళ్లిన ఈమెయిల్ జాడ, నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటి కనెక్షన్ దగ్గర తేలింది. ఆయన వైఫైని ఇంకెవరో వాడుకున్నారని తేలేలోపు విచారణలన్నీ ఆయనే ఎదుర్కోవాల్సి వచ్చింది.

ఒక సైట్ కొడితే ఇంకోటి తెరుచుకుంటోంది

ఇంట్లో అన్ని ఫోన్లలోనూ ఇలాగే ఉండి, మొబైల్ డేటాలో మాత్రం బాగుంటే, రూటర్‌లో డీఎన్‌ఎస్ (సైట్ పేరుని బట్టి అది ఏ అడ్రస్‌లో ఉందో వెతికే అమరిక) ఎవరో మార్చేశారని అనుమానించాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా "అడ్మిన్" అనే ఉంటే ఇది తేలిక. ఇది తేలేదాకా ఆ వైఫై మీద బ్యాంకు పని పెట్టుకోకండి. డబ్బు పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

రూటర్‌ని రీసెట్ చేయడం మంచిదే, కానీ ఆ చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చే ముందు నెట్ వాళ్లకి ఫోన్ చేయండి. ఫైబర్ బాక్సుల్లో కనెక్షన్ యూజర్‌నేమ్, వీల్యాన్ (నెట్ వాళ్లు లైన్‌కి పెట్టే నంబరు) వివరాలు కూడా చెరిగిపోయి నెట్ పూర్తిగా ఆగిపోవచ్చు. వాళ్లు మళ్లీ ఎక్కించాక అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, బయటి నుంచి లాగిన్ అయ్యే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపండి.

ఐఫోన్‌లో భద్రత బలహీనంగా ఉందని వస్తోంది

వైఫైలో వెళ్లే సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడే పద్ధతుల్లో, రూటర్ ఇంకా పాతవైన డబ్ల్యూపీఏ లేదా టీకేఐపీ మీద ఉంది. రూటర్ సెట్టింగుల్లో డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ ఎంచుకోండి. డబ్ల్యూపీఏ3 ఉంటే ఇంకా మేలు.

అన్నీ మార్చాక కెమెరా కనెక్ట్ కావట్లేదు

చవక కెమెరాలు, బల్బులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగాల మీదే పనిచేస్తాయి, డబ్ల్యూపీఏ3 వాటికి తెలియదు. రెండూ కలిపిన డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 మోడ్ పెట్టండి. కెమెరాని గెస్ట్ నెట్‌వర్క్‌లో పెట్టడమే నయం. టీవీని మాత్రం అక్కడ పెడితే ఫోన్ నుంచి వీడియో పంపడం కుదరకపోవచ్చు.

నెట్ వాళ్లు అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వట్లేదు

కొందరు ఆపరేటర్లు ఇవ్వరు. అప్పుడు సొంత రూటర్ కొని వాళ్ల బాక్సుకి కేబుల్‌తో తగిలించండి, ఆ బాక్సులో వైఫై ఆపించండి. ఇంట్లోవన్నీ మీ రూటర్‌కే కలపండి.