వంశవృక్షం వెయ్యాలంటే ముందు ఎవర్ని అడగాలి, ఏ కాగితాలు వెతకాలి

చాలామంది యాప్ పెట్టుకుని తాత పేరు దాకా టకటకా కొట్టేస్తారు, ముత్తాత దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. యాప్ తర్వాత చూద్దాం, ముందు ఇంట్లో పెద్దాళ్ల దగ్గర కూర్చోండి. అదీ మగాళ్లకన్నా నానమ్మ, అమ్మమ్మ, మేనత్తల దగ్గర, ఎందుకంటే ఎవర్ని ఏ ఊరిచ్చారు, ఎవరు దత్తత వెళ్లారు అన్నది వాళ్లకి గుర్తున్నంతగా ఇంకెవరికీ ఉండదు. దత్తత సంగతి తప్పకుండా అడగండి, అక్కడ ఇంటిపేరు మారిపోయి దారి తప్పుతాం. వాళ్లకి చెప్పి ఫోన్లో రికార్డ్ చేసుకోండి.

ఏ సంవత్సరం అని మాత్రం అడగొద్దు. 1977 దివిసీమ ఉప్పెనకి నీకు పెళ్లయిందా, 1948 హైదరాబాద్ పోలీస్ యాక్షన్ నాటికి నాన్న పుట్టాడా అని అడిగితే టక్కున చెప్తారు. పాత జాతకంలో రక్తాక్షి నామ సంవత్సరం అని ఉంటే 1924-25 కావచ్చు, 1984-85 కావచ్చు, అరవయ్యేళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి మనిషి వయసుని బట్టి తేల్చుకోవాలి. స్కూల్ రికార్డులో పుట్టినరోజు జులై 1 అనుంటే నాకైతే అనుమానమే, అప్పట్లో బళ్లో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన తేదీలు బోలెడు.

తద్దినాలు పెట్టే ఇల్లయితే మీ పని సగం అయినట్టే. తర్పణాల్లో తండ్రి, తాత, ముత్తాతతో పాటు తల్లి, నానమ్మ, ఆవిడ అత్తగారి పేర్లూ చెప్తారు. వంశవృక్షాల్లో ఎక్కడా కనపడని ఆడవాళ్ల పేర్లు ఇక్కడ దొరుకుతాయి, రాసుకోండి.

ఇక అసలు నిధి పొలం కాగితాలు. పాత దస్తావేజులో ఫలానా ఊరి కాపురస్తులు ఫలానా వారి కుమారుడు అని రాసే పద్ధతి కదా, ఒక్క కాగితంతో ఒక తరం వెనక్కి పోవచ్చు, భాగపంపకాల కాగితమైతే అన్నదమ్ములందరూ వరసగా ఉంటారు. ఇంట్లో లేకపోతే సర్వే నంబర్ పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయించి దస్తావేజు నకలు అడగండి. తెలంగాణలో అయితే 1954-55 ఖాస్రా పహాణీ (ఏ సర్వే నంబర్ ఎవరిదో రాసిన పాత భూమి లెక్క), సేత్వార్ (సర్వే చేశాక రాసిన మొదటి భూమి రికార్డు) అడగండి, పాతవి ఉర్దూలో ఉంటే చదివేవాళ్లని చూసుకోవాలి. ఆంధ్రలో అయితే అడంగల్ (ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసే రిజిస్టర్), ఆర్ఎస్ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్, పాత సర్వే నాటి భూమి పుస్తకం) అడగండి. పొలం లేని కుటుంబాలకి ఈ దారి ఉండదు, వాళ్లకి పెద్దాళ్ల మాట, స్కూల్ రిజిస్టరే ఆధారం.

మీ వాళ్లు కూలీలుగా దక్షిణాఫ్రికా వెళ్లారని ఇంట్లో చెప్పుకుంటుంటే 1860 నుంచి 1911 దాకా అక్కడి నాటాల్ ప్రాంతానికి వెళ్లిన ఓడల జాబితాలు చూడండి, మనిషి పేరుతో పాటు తండ్రి పేరు, జిల్లా, ఊరు రాసి ఉంటాయి, స్పెల్లింగ్ ఘోరంగా ఉంటుంది కాబట్టి బయటికి చదువుకుంటూ వెతకండి.

అన్నీ దొరికాక గ్రాంప్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించండి. మన మేనరికాల్లో ఒకే మనిషి రెండువైపుల నుంచీ చుట్టం కదా, కొత్తగా మళ్లీ ఎంటర్ చేయకుండా ఉన్న పేరుకే లింక్ ఇవ్వండి, లేకపోతే ఒకే తాతగారు ఇద్దరైపోతారు.