గుడ్ల కాలం రాకముందే బల్లికి పెట్టే పొడి సంగతి చూసుకోండి

లెపర్డ్ జెక్కో, ఊసరవెల్లి, బియర్డెడ్ డ్రాగన్ లాంటి పెంపుడు బల్లి జాతుల్లో ఆడదాన్ని పెంచుతున్నారంటే ఏడాది మొత్తంలో అసలు టెన్షన్ గుడ్లు పెట్టే రోజుల్లోనే. గుడ్డు పెంకుకి కావలసిన కాల్షియం తిండిలో దొరక్కపోతే అది తన ఎముకల్లోంచి తీసి పెడుతుంది, అక్కడా అయిపోతే కండరాలు సరిగ్గా బిగుసుకోక గుడ్లు లోపలే ఇరుక్కుపోతాయి. "మా దగ్గర మగది లేదుగా" అని ధీమాగా ఉండకండి, జత కట్టకపోయినా వట్టి గుడ్లు పెడతాయి. వీల్డ్ అనే రకం ఊసరవెల్లి అయితే ఒక్క విడతలోనే 30, 40 పెట్టేస్తుంది, పైగా తిండి, వేడి ఎంత ఎక్కువైతే అన్ని ఎక్కువ గుడ్లు. కడుపు ఉబ్బాక కాల్షియం పొడి డబ్బా కోసం పరిగెత్తితే లాభం లేదు, ఒకటి రెండు నెలల ముందే మొదలుపెట్టాలి.

అసలు పొడి ఎందుకంటే, మేతగా వేసే కీచురాయికైనా, మీల్‌వార్మ్ అనే పురుగుకైనా ఒంట్లో ఎముకలే లేవు, ఇక కాల్షియం ఎక్కడిది! ఫాస్ఫరస్ మాత్రం కాల్షియానికి ఏడెనిమిది రెట్లు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. బల్లికి కావలసింది సరిగ్గా దానికి తలకిందులు, ఫాస్ఫరస్ ఒక పాలు ఉంటే కాల్షియం ఒకటిన్నర నుంచి రెండు పాళ్లు. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వా మాత్రం ఈ విషయంలో కాస్త నయం.

పొడి కొన్నంత మాత్రాన అది బల్లి కడుపులోకి వెళ్లిందని కాదు, నేను మొదట్లో పప్పులో కాలేసింది ఇక్కడే. కీచురాళ్లని డబ్బాలో వేసి, పొడి చల్లి, పిండిలో దొర్లించినట్టు తెల్లగా చేసి ఒకేసారి డజను వదిలేసేవాణ్ణి. జెక్కో రెండు తిని పడుకునేది. కాసేపటికి చూస్తే మిగతావి కాళ్లు, మీసాలు తుడుచుకుంటూ మళ్లీ గోధుమరంగులోకి వచ్చేసేవి, పొడంతా ట్యాంకు అడుగున. ఇప్పుడు రెండేసి, మూడేసి వదులుతా, అవి తిన్నాకే మళ్లీ వేస్తా. పొడి కూడా పల్చగా పట్టాలి, మరీ మందంగా పట్టిస్తే వాసన చూసి మొహం తిప్పుకుంటాయి.

పురుగులకి మనం పెట్టే తిండి కూడా లెక్కే. బల్లికి వేసే ముందు ఒకటి రెండు రోజులు వాటికి క్యారెట్, ఆకుకూరలు, కాల్షియం ఎక్కువున్న గట్ లోడ్ మేత (బల్లికి అందాలని పురుగు కడుపు నింపే తిండి) పెట్టండి. పాలకూర వద్దు, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది.

ఇక చాలామంది తప్పు చేసేది డి3 దగ్గర, అంటే కాల్షియం ఒంటికి పట్టడానికి కావలసిన విటమిన్ దగ్గర. గుడ్ల కాలం అనగానే కంగారులో అన్నీ డబుల్ చేసేస్తారు. పెంచాల్సింది ఉత్త కాల్షియం, అంటే డి3 కలపని కాల్షియం కార్బొనేట్ పొడి, అది ప్రతి మేతకీ పట్టించినా పర్లేదు. డి3 అలా కాదు, కొవ్వులో నిల్వ ఉండిపోతుంది, మోతాదు మించితే కాల్షియం వెళ్లి రక్తనాళాల్లో, కిడ్నీల్లో పేరుకుంటుంది. మంచి యూవీబీ లైటు (చర్మంలో డి3 తయారవడానికి కావలసిన అతినీలలోహిత కిరణాలు ఇచ్చేది) ఉంటే డి3 ఉన్న పొడి రెండు వారాలకోసారి సరిపోతుంది, లైటు లేకుండా పెంచే లెపర్డ్ జెక్కోకి వారానికి ఒకటి రెండుసార్లు. గిన్నెలో పోసి ట్యాంకులో ఉంచేది కూడా ఉత్త కాల్షియమే అయ్యుండాలి. మనుషులు వేసుకునే డి3 మాత్ర మాత్రం చస్తే వాడకండి, 60 కిలోల మనిషి కోసం చేసినదాన్ని 60 గ్రాముల ప్రాణికి ఎలా కొలిచి పెడతారు?

లైటు వెలుగుతోంది కదా అని వదిలేయకండి. యూవీబీ ట్యూబులో కంటికి కనిపించే వెలుగు అలాగే ఉన్నా యూవీబీ తగ్గిపోతూ వస్తుంది, రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిలో మార్చాలి. సీజన్ మొదలయ్యే ముందే మార్చేస్తే ఒక బెంగ తీరిపోతుంది. మధ్యలో గాజు పలక ఉంటే యూవీబీ దాదాపు దిగదు, సన్నని జాలీ కూడా బాగానే తినేస్తుంది. చర్మంలో డి3 తయారవ్వాలంటే ఒళ్లు వెచ్చగా కూడా ఉండాలి, లైటు ఒక మూల, వేడి ఇంకో మూల పెడితే ప్రయోజనం సగమే.

విటమిన్ ఎ సంగతి ఎవరూ పట్టించుకోరు. పురుగుల్లో అది చాలా తక్కువ. కళ్లు ఉబ్బి మూసుకోవడం, కుబుసం వేళ్లకీ కనురెప్పలకీ అంటుకుపోవడం, ఊసరవెల్లి నాలుకకి పురుగు అతుక్కోకపోవడం, ఇవి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దాన్నే. మల్టీవిటమిన్ కొనేటప్పుడు వెనకాల లేబుల్ చదవండి, బీటా కెరోటిన్ ఒక్కటే ఉంటే కొన్ని జాతులు దాన్ని విటమిన్ ఎ గా సరిగ్గా మార్చుకోలేవు, నేరుగా విటమిన్ ఎ అయిన రెటినాల్ రూపంలో ఉన్నది మేలు. వారం, రెండు వారాలకోసారి చాలు. మూత తీసి ఆరు నెలలు దాటితే, తేమకి గడ్డకడితే పారేయండి, అందులో విటమిన్ ఇంకా ఉందన్న నమ్మకం లేదు.

కాలి వేళ్లు సన్నగా వణకడం, దవడ నొక్కితే రబ్బరులా ఉండటం, పొట్ట నేల మీద ఈడుస్తూ నడవడం కనిపిస్తే పొడితో సరిదిద్దే దశ దాటిపోయినట్టే, ఆ రోజే సరీసృపాలు చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. రోజంతా తవ్వుతూ, ముక్కుతూ గుడ్డు రాకపోయినా అంతే. తవ్వుకోవడానికి తడి మట్టి పెట్టె ముందే పెట్టి ఉంచండి, చోటు నచ్చక గుడ్లు ఆపుకున్నవీ ఉంటాయి.

పెట్టేశాక గ్రాముల తూకంలో బరువు చూసి రాసుకోండి. లెపర్డ్ జెక్కో సీజన్‌లో రెండేసి చొప్పున చాలాసార్లు పెడుతుంది, కాబట్టి మొదటి విడత అవ్వగానే కాల్షియం ఆపకండి. పెట్టిన రోజు బాగా ఆకలి మీద ఉంటుంది, కీచురాళ్ల డబ్బా తీసే ముందు నీళ్ల గిన్నె నింపండి.