వాయుగుండం రాకముందే చుక్కల సీసాలు లెక్కపెట్టుకోండి

దసరా వెళ్ళగానే నెల్లూరులో మిద్దె ఎక్కడ కారుతుందో చూసుకుంటారు. కార్నియా, అంటే నల్లగుడ్డు మీద ఉండే అద్దంలాంటి పొర, మార్పిడి అయినవాళ్ళు అదే వారంలో కంటి చుక్కల మందుల డబ్బా కూడా దించి చూసుకోవాలి. మనకు అసలు వానాకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలల్లో ఏ వాయుగుండం ఏ దారిని మూసేస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. మన ఆపరేషను చేసిన ఆసుపత్రి చాలామందికి చెన్నైలోనో విజయవాడలోనో ఉంటుంది.

వరి నూర్పిళ్ళలో పొట్టు పడి నా ఎడమ కన్ను పుండయింది. పుండు మానింది గాని నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు మిగిలింది. ఆ పొర తీసి, చనిపోయిన ఎవరో ఇచ్చిన పొరను 16 కుట్లతో కుట్టారు. ఆ ఏడాదే, 2021 నవంబరులో, పెన్నా పొంగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, హైవే మీద బండ్లు నిలిచిపోయాయి. నా సీసాలో రెండు రోజుల మందు ఉంది. మా ఊరి షాపులో అది దొరకలేదు. నాలుగు రోజులు వేయకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. ఐదో రోజు పొద్దున బల్బు చుట్టూ మంచు పట్టినట్టు వలయం కనిపించింది, వెలుగు చూస్తే కన్ను తెరవలేకపోయాను. దారి తెరుచుకోగానే వెళ్ళి, గంటగంటకూ చుక్కలు వేయించుకుని బయటపడ్డాను. డాక్టరుగారు తిట్టలేదు, అదే ఎక్కువ బాధనిపించింది.

చుక్కలు ఆపితే ఏమవుతుందో తెలిస్తే ఆ లెక్క తప్పరు. కార్నియాకు రక్తనాళాలు లేవు. అందుకే పరాయి పొర వచ్చి కూర్చున్నా ఒంటిలోని కాపలా కణాలు వెంటనే పసిగట్టవు. అవి అసలు నిద్రలేవకుండా చూసేవే స్టెరాయిడ్ చుక్కలు. ఒకసారి లేచాయంటే పొర లోపలి వైపు ఉన్న కణాలను తినేస్తాయి. కార్నియాలో చేరే నీటిని ఎప్పటికప్పుడు బయటకు తోడేసేది ఆ కణాలే. పోయిన కణాల స్థానంలో కొత్తవి పుట్టవు. నీరు నిలిచి పొర ఉబ్బుతుంది, చూపు మసకబారుతుంది. మొదటి ఏడాది రెండేళ్ళలో ఈ ప్రమాదం ఎక్కువ. కానీ ఎన్నేళ్ళయినా పూర్తిగా పోదు.

కాబట్టి నెలన్నరకు సరిపడా చుక్కలు ముందే కొని పెట్టుకోండి. సీసా తెరిచిన తేదీ దాని మీదే రాయండి, నెల దాటితే పారేయండి. పాలలాగా ఉండే మందును ప్రతిసారీ బాగా కుదపాలి, లేకపోతే నీళ్ళే పడతాయి. రెండు రకాలు వేసేటప్పుడు మధ్య కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. షాపులో "ఇది కూడా అదేనండీ" అని వేరే పేరు చేతిలో పెడితే, డాక్టరుకు ఫోను చేసి అడిగాకే వేయండి. ఫ్రిజ్‌లో పెట్టమన్న మందు ఉంటే, కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో కూడా ఇప్పుడే అడగండి. తుపాను రోజుల్లో కరెంటు ఒక పూట పోయి వచ్చేది కాదు. ఏ మందునూ గడ్డకట్టే అరలో పెట్టవద్దు. ఒక మాట మరిచిపోవద్దు: ఈ చుక్కలను సొంతంగా పెంచడమూ తప్పే. ఎక్కువైతే కంటి ఒత్తిడి పెరుగుతుంది, శుక్లం వస్తుంది.

కన్ను ఎర్రబడటం, వెలుగు భరించలేకపోవడం, చూపు తగ్గడం, నొప్పి. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి కనిపించినా, వాన తగ్గాక చూద్దాం అనుకోకండి. వెంటనే ఆసుపత్రికి ఫోను చేయండి. దారులు మూసుకుపోతే దగ్గరలోని కంటి డాక్టరు దగ్గరకు పోయి, మీ ఆపరేషను కాగితాలు చూపించి, ఆయన చేతనే అక్కడికి ఫోను చేయించండి. ఆ కాగితాలకు, చుక్కల చీటీకి ఫోటోలు తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు చెన్నై విమానాశ్రయమే మూతపడింది, మన కారు ఎంత.

కంట్లో ఇసుక పడినట్టు గరగరలాడితే ఒక కుట్టు వదులై ఉండవచ్చు. వదులైన కుట్టుకు మురికి పట్టి చీము చేరుతుంది, లేదా ఒళ్ళు పొరను తిప్పికొట్టడం మొదలవుతుంది. దుమ్మే అనుకుని కొంగుతో నలపకండి. చనుబాలు, ఆముదం, నందివర్ధనం పూల రసం ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమతోనే చెబుతారు. వినయంగా వద్దనండి.

వాన కంటే వాన వెలిసిన తర్వాత పని ప్రమాదం. పడిపోయిన సరుగుడు కొమ్మలు నరికేటప్పుడు, చిల్లకంప తీసేటప్పుడు మీరు దూరంగా ఉండండి. పూర్తి మందం పొర మార్చినవాళ్ళకు కుట్టిన చోటు ఎప్పటికీ మునుపటంత గట్టిపడదు. కొమ్మ విసురుగా తగిలితే ఏళ్ళ తర్వాత కూడా గాయం తెరుచుకుంటుంది. పవరు అవసరం లేకపోయినా గట్టి ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకునే బయటకు రావాలి, రాత్రి కంటికి కప్పు కట్టుకునే పడుకోవాలి. వరద నీటిలో ముఖం కడగకూడదు. తలస్నానం చేసేటప్పుడు తల వెనక్కి వాల్చి ఇంకొకరి చేత పోయించుకోవాలి. వీధుల్లో బ్లీచింగ్ పొడి చల్లే రోజున గాలికి ఎదురు నడవకండి. రొయ్యల చెరువుల మీద పనిచేసేవారు సున్నం చల్లే పని ఈ ఏడాదికి ఇంకొకరికి అప్పగించాలి. సున్నం పడిందంటే ముందు నిండుగా మంచినీళ్ళతో కడుగుతూనే ఉండి, అప్పుడు ఆసుపత్రికి బయలుదేరాలి. కళ్ళకలక కాలం కనుక తువ్వాలు వేరుగా పెట్టుకోండి.

చూపు విషయంలో తొందర పడకండి. లోపలి పొర మాత్రమే మార్చినవాళ్ళకు వారాల్లో, కొన్ని నెలల్లో తేట పడుతుంది. పూర్తి పొర మార్చినవాళ్ళకు ఏడాది, ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువే. కుట్ల బిగువు ఒక పక్క ఎక్కువైనప్పుడు అక్షరాలు సాగినట్టు కనిపిస్తాయి. కుట్లు కొన్ని తీశాక, అద్దాలు మార్చాక అది సర్దుకుంటుంది. ఆ లోగా రెండు కళ్ళ చూపు కలవక మెట్ల లోతు తెలియదు. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద గుంత అసలే తెలియదు. బైకు తాళాలు అబ్బాయికి ఇచ్చేయండి.

కుట్లు తీసే తేదీ నవంబరులో పడితే ఇప్పుడే డాక్టరుకు ఫోను చేయండి. కుట్టు తీసిన తర్వాత కొన్ని రోజులు పొరకు ముప్పు పెరుగుతుంది, చుక్కలూ పెరుగుతాయి, మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళాలి. మీ అంతట మీరు వాయిదా వేయకండి, ముందుకు జరపాలా సంక్రాంతి దాకా ఆగవచ్చా ఆయనే చెబుతారు. నాకు రెండు కుట్లు దీపావళికి ముందే తీసి, మిగతావి ఫిబ్రవరికి పెట్టారు.