గవర్నమెంటు పంటి వైద్యం: డబ్బు మిగులుతుంది, రోజులు మిగుల్చుకోవడం ఎలా

నేను జాకెట్లు కుడతాను. ఇంటి వరండాలోనే మిషను. ఒక రోజు మిషను ఎక్కకపోతే నాకు అయిదు వందలు పోయినట్టే. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, గవర్నమెంటు పంటి వైద్యం అనగానే అందరూ "ఫ్రీ కదా" అంటారు. ఫ్రీ ఏమీ కాదు. డబ్బుకి బదులు రోజులు కట్టాలి. నా ఒక్క దవడ పన్నుకి ఏడు రోజులు కట్టాను. మా అత్తయ్య పళ్ళ సెట్టుకి ఎనిమిది. మొదట్లోనే వెళ్ళుంటే నా పన్ను ఒక్క పూటలో అయిపోయేది. ఆ రోజులు ఎలా పోయాయో రాస్తాను. మీకు పోకుండా ఉంటే చాలు.

మొదటి తప్పు నాదే. కింది దవడలో చివరి నుంచి రెండో పన్నుకి నల్లటి చుక్క కనబడింది. చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమనేది. లవంగం పెట్టుకున్నాను, ఆర్‌ఎంపీ దగ్గర గోళీలు తెచ్చుకున్నాను. తగ్గేది, పది రోజులకి మళ్ళీ వచ్చేది. ఇలా ఏడు నెలలు. ఏడో నెలలో ఉన్నట్టుండి నొప్పి పోయింది. సంబరపడ్డాను. తర్వాత తెలిసింది, లోపల నరం చచ్చిపోతే నొప్పి పోతుందట, పుచ్చు మాత్రం కిందికి దిగుతూనే ఉంటుందట. పుప్పి పన్నుకి యాంటీబయాటిక్ గోళీలు వేసుకుంటే వాపు కాస్త అణుగుతుంది గానీ పుచ్చు ఎక్కడికీ పోదు. చల్లటికి జివ్వుమన్నప్పుడే వెళ్తే సిమెంటు పెట్టి పంపేవాళ్ళు, ఒక పూట పని. నొప్పి వచ్చాక, రాత్రి నిద్ర పట్టనివ్వని దశకి వచ్చాక వెళ్తే రూట్ కెనాల్, అంటే పన్ను వేర్ల లోపల శుభ్రం చేసి నింపే పని, నాలుగైదు పూటలు. రోజుల లెక్క ఇక్కడే మొదలవుతుంది.

ఇంకోటి. నొప్పి గోళీని పన్ను పక్కన అదిమిపెట్టుకునే అలవాటు మన ఊళ్ళలో చాలామందికి ఉంది. చిగురు కాలిపోయి తెల్లగా పొక్కుతుంది. గోళీ మింగడానికే.

మా ఊళ్ళో ప్రైవేటు క్లినిక్‌లో అడిగితే రూట్ కెనాల్, క్యాప్ కలిపి 9,000 రూపాయలు అన్నారు. పీకించేసుకుంటే 500. మా ఆయన "పీకించెయ్, ఇంకా ముప్పై ఒకటి ఉన్నాయిగా" అన్నాడు. నేనూ ఊ అనేదాన్నే. పక్కింటి అక్కయ్య ఆపింది.

ఎక్కడికి వెళ్ళాలో ముందు తేల్చుకోండి. పీహెచ్‌సీలో మామూలుగా పళ్ళ డాక్టరు ఉండరు. ఏరియా ఆసుపత్రిలో, జిల్లా ఆసుపత్రిలో ఉంటారు. పన్ను పీకించుకోవడానికి, మామూలు సిమెంటుకి, చిగుళ్ళ వాపు చూపించుకోవడానికి అక్కడికే వెళ్ళండి, దూరం పోనక్కర్లేదు. అక్కడ ఒక్కరో ఇద్దరో డాక్టర్లు, బయట బెంచీ నిండా జనం. రూట్ కెనాల్ అంటే గంటల పని, అంత తీరిక వాళ్ళకి ఎక్కడిది? అందుకే నిలబెట్టుకోదగ్గ పళ్ళు కూడా చాలావరకు అక్కడ ఊడి బయటికొస్తాయి. వాళ్ళని అననక్కర్లేదు. మనం ఒక్క మాట అడిగితే సరిపోతుంది: "డాక్టరుగారూ, ఈ పన్ను నిలబడుతుందా?" నిలబడుతుందంటే డెంటల్ కాలేజీకి రాయించుకోండి.

గవర్నమెంటు డెంటల్ కాలేజీలు ఆంధ్రలో విజయవాడలో, కడపలో ఉన్నాయి. తెలంగాణలో అయితే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి దగ్గర. అవి దూరమైతే ప్రైవేటు డెంటల్ కాలేజీలు చూడండి. భీమవరం, గన్నవరం, గుంటూరు, రాజమండ్రి, నెల్లూరు, ఇటు ఖమ్మం, నార్కట్‌పల్లి, వికారాబాద్ వైపు ఉన్నాయి. ప్రైవేటు కాలేజీ అనగానే భయపడొద్దు. పిల్లలు చదువుకోవాలంటే పేషెంట్లు కావాలి, అందుకే క్లినిక్ కంటే బాగా తక్కువ తీసుకుంటారు, కొన్ని కాలేజీలు పల్లెలకి బస్సులు కూడా పంపుతాయి. నేను వెళ్ళిన కాలేజీ పేరు రాయను. పద్ధతి అన్నిచోట్లా దాదాపు ఒకటే.

ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు పట్టుకుని వెళ్ళి గొడవ పడొద్దు. సిమెంటుకి, పీకడానికి, రూట్ కెనాల్‌కి అది పనికిరాదు. దవడ ఎముక విరిగితేనో, నోటి కేన్సర్ ఆపరేషన్‌కో పనికొస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) ఉంటే మాత్రం ముందు అక్కడ అడగండి. నెలకి 21,000 లోపు జీతం ఉన్న ఫ్యాక్టరీ, షాపు ఉద్యోగాల్లో చాలామందికి ఉంటుంది, ఇంట్లోవాళ్ళకీ వర్తిస్తుంది. మా పక్కింటి అక్కయ్య భర్తకి మిల్లులో ఈఎస్ఐ కింద జీతంలో కోత పడుతూనే ఉంది, అది పళ్ళకి కూడా పనికొస్తుందని పదేళ్ళు వాళ్ళకి తెలియదు.

ఇక వెళ్ళే రోజు. నేను మొదటి రోజు ఇంట్లో వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, పదకొండున్నరకి చేరాను. ఓపీ చీటీ కౌంటరు మూసేస్తున్నారు. ఒక రోజు అక్కడే పోయింది. ఎనిమిదిన్నరకల్లా గేటు దగ్గర ఉండండి. సోమవారం వద్దు, ఆదివారం నొప్పి పట్టుకున్నవాళ్ళంతా సోమవారమే వస్తారు. నా లెక్కలో బుధవారం, గురువారం నయం. ఆధార్ కార్డు అసలుది పెట్టుకోండి, ఆడవాళ్ళకి బస్సులో ఫ్రీ టికెట్‌కి కూడా అదే చూపించాలి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, మన ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఈ సదుపాయం ఉంది కాబట్టి చార్జీల బాధ తప్పింది. ఇంతకుముందు అయితే ఏడుసార్లు తిరగడమంటే అదొక ఖర్చు.

తిని వెళ్ళండి. పన్ను పీకుతారని భయపడి ఖాళీ కడుపుతో వచ్చి, మత్తు ఇంజెక్షన్ చూడగానే కళ్ళు తిరిగి పడిపోయిన అబ్బాయిని నా కళ్ళతో చూశాను. బీపీ, సుగరు గోళీలు వేసుకునేవాళ్ళు ఆ రోజు కూడా వేసుకోవాలి, ఆ చీటీలు వెంట తేవాలి. రక్తం పల్చబడే గోళీలు వాడేవాళ్ళు వాటిని సొంతంగా ఆపకూడదు, డాక్టరుకి చెప్పాలి, ఆయనే నిర్ణయిస్తారు. మా అత్తయ్య సుగరు రిపోర్టు లేకుండా వెళ్ళాం. "టెస్టు చేయించుకుని రండమ్మా" అని వెనక్కి పంపారు. అదొక రోజు. వారంలోపు చేయించిన సుగరు రిపోర్టు చేతిలో ఉంటే ఆ తిరుగుడు ఉండేది కాదు.

చీటీ తీసుకోగానే మీ పన్ను ఎవరూ ముట్టుకోరు. ముందు ఒక గదిలో చూసి, ఎక్స్‌రే తీసి, చీటీ మీద రాసి వేరే విభాగానికి పంపుతారు. పీకడం ఒకచోట, సిమెంటూ రూట్ కెనాలూ ఒకచోట, గార తీయడం ఒకచోట, కట్టుడు పళ్ళు ఇంకోచోట, పిల్లల పళ్ళు వేరే. ఇది తెలియక నేను పీకే గది ముందు గంట సేపు కూర్చున్నాను. ఎక్స్‌రే ఫిల్ము ఇస్తే చీటీకి పిన్ను కొట్టించుకోండి, పోగొట్టుకుంటే మళ్ళీ క్యూ. ఫోన్లో చూపిస్తే ఫోటో తీసుకోండి.

"చదువుకునే పిల్లలు చేస్తారట కదా" అని మా ఆడపడుచు భయపెట్టింది. చేస్తారు. పక్కన సారు నిలబడతారు. నాకు చేసినమ్మాయికి ఇరవై మూడేళ్ళుంటాయేమో, చేతికి గ్లౌజు తొడుక్కుంటూ "ఆంటీ, నొప్పనిపిస్తే ఎడం చెయ్యి ఎత్తండి" అంది. తర్వాత ఆమె చేసింది చూసి నాకు భయం పోయింది. సూది కంటే సన్నటి ముల్లులాంటిది ఒకటి, దానికి చిన్న రబ్బరు బిళ్ళ. ముల్లు పన్ను వేరులోకి దించి, రబ్బరు బిళ్ళని పన్ను అంచుకి జరిపి, బయటికి తీసి వేలెడంత స్కేలు మీద పెట్టి చూసింది. ఎక్స్‌రే తీసింది. సారు వచ్చి చూసి "ఇంకో అర మిల్లీమీటరు" అన్నారు. మళ్ళీ జరిపింది, మళ్ళీ కొలిచింది. నాలుగు వేళ్ళు నోట్లో ఉన్నా నాకు నవ్వొచ్చింది. చంక దగ్గర పావు అంగుళం తేడా వస్తే కుట్టు విప్పి మళ్ళీ వేసేది నేనూ అంతే. క్లినిక్‌లో నలభై నిమిషాల్లో అయ్యే పని ఇక్కడ రెండు గంటలు పట్టింది, కానీ అంత కొలిచి చేసేవాళ్ళని నేను తొందరపెట్టను.

ఆ అమ్మాయి ఫోన్ నంబరు తీసుకోవడం మర్చిపోయాను. ఇదే నా రెండో పెద్ద తప్పు. రెండు వారాలకి చెప్పిన తారీఖున వెళ్తే వాళ్ళకి పరీక్షలట, ఆ విభాగంలో ఎవరూ లేరు. ఇంకో రోజు పోయింది. కాబట్టి చేసిన డాక్టరు పేరు, విభాగం పేరు చీటీ వెనక రాయించుకోండి, బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి కనుక్కోండి. వాళ్ళకీ మీరు రావడం అవసరమే. ఇన్ని కేసులు చేయాలని వాళ్ళకి లెక్కుంటుంది, సగంలో మానేసిన పేషెంటు వాళ్ళకి నష్టం. సంక్రాంతి, దసరా సెలవుల ముందు రూట్ కెనాల్ మొదలుపెట్టించుకోవద్దు. మధ్యలో పెట్టిన తాత్కాలిక సిమెంటు వారాల తరబడి నిలవదు, ఊడిపోతే మళ్ళీ మొదటికి.

క్యాప్ దగ్గర చాలామంది ఆపేస్తారు. నొప్పి పోయింది కదా అని. రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను పెళుసుగా ఉంటుంది, జంతిక కొరికితే నిలువునా చీలిపోవచ్చు, అప్పుడు పీకడమే. క్యాప్‌కి ల్యాబు ఖర్చు విడిగా కట్టాల్సి వస్తుందేమో మొదటి రోజే అడగండి. నాకు మొత్తం 1,700 అయింది, అందులో ఎక్కువ భాగం క్యాప్‌కే. పన్ను రంగు క్యాప్ కావాలా వెండి రంగుదా అన్నారు. వెనక పన్ను, ఎవరు చూస్తారు? వెండి రంగుదే వేయించుకున్నాను.

పీకించుకున్నవాళ్ళకి రెండు మాటలు. దూది ముప్పావు గంట గట్టిగా కరిచి పట్టుకోండి, మాటిమాటికీ తీసి చూడొద్దు. ఆ రోజంతా ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు, చుట్టా బీడీ అసలు వద్దు. ఆ గుంటలో గడ్డకట్టిన రక్తమే మందు, అది ఊడితే మూడో రోజు వచ్చే నొప్పి పంటి నొప్పి కంటే ఘోరం. ఉప్పు నీళ్ళు మర్నాటి నుంచి.

వీటన్నిటికీ క్యూలో కూర్చోవచ్చు. కొన్నిటికి కూర్చోకూడదు. పంటి నొప్పితో పాటు జ్వరం, గడ్డం కింద గట్టి వాపు, నోరు తెరవలేకపోవడం, గుటక పడకపోవడం ఉంటే ఓపీ టైమూ బుధవారమూ చూడొద్దు, రాత్రయినా 108 పిలిచి పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళండి. ఆ వాపు గొంతులోకి దిగితే ఊపిరి అందదు. గుట్కా, ఖైనీ వేసుకునేవాళ్ళకి నోట్లో తెల్లటి మచ్చ గానీ పుండు గానీ రెండు వారాలైనా మానకపోతే, నొప్పి లేకపోయినా సరే, చూపించుకోవాలి.

పిల్లల సంగతి చిన్నగా. బడికి, అంగన్‌వాడీకి ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల గవర్నమెంటు పథకం) వాళ్ళు వచ్చి పిల్లల్ని చూస్తారు, అందులో పళ్ళు కూడా ఉంటాయి. పుప్పి పళ్ళు కనబడితే చీటీ రాసిస్తారు. మావాడు ఆ చీటీని రాకెట్ చేసి ఎగరేశాడు. బ్యాగు వెతకండి.

మా అత్తయ్యది వేరే కథ. మిగిలిన మూడు పళ్ళూ కదులుతుంటే పీకించాం. వెంటనే సెట్టు కట్టరు, చిగురు ఆరి గట్టిపడాలి, మాకు రెండు నెలలు ఆగమన్నారు. రోడ్డు పక్కన పళ్ళు కట్టేవాళ్ళు అదే రోజు కట్టేస్తామంటారు, పక్క పళ్ళకి అతికించేస్తారు, కింద కుళ్ళు పడుతుంది. మా చిన్నత్తగారికి అలాగే మంచి పళ్ళు రెండు పోయాయి. ఆగండి. తర్వాత అయిదు పూటలు: గులాబీ రంగు ముద్దతో ఒక కొలత, ఆ తర్వాత ఇంకా సరిగ్గా ఇంకో కొలత, మైనం కట్టతో పై దవడా కింది దవడా ఎక్కడ కలుస్తాయో చూడటం, మైనంలో పళ్ళు గుచ్చి ట్రయల్, ఆఖరికి సెట్టు.

ఆ ట్రయల్ రోజు మాత్రం ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు తోడు వెళ్ళండి. మైనంలో ఉన్నప్పుడే పన్ను జరపగలరు, రంగు మార్చగలరు. సెట్టు అయిపోయాక "ఎత్తుగా ఉన్నాయమ్మా" అంటే చేసేదేమీ ఉండదు. మా అత్తయ్య మొహమాటానికి బాగున్నాయి బాగున్నాయి అంటూనే ఉంది. నేను అద్దం చేతికిచ్చి "యాభై అయిదు, అరవై అని అనండత్తయ్యా" అన్నాను. పెదవి మూత పడట్లేదు. ఆ అబ్బాయి అక్కడే ముందు పళ్ళు కాస్త లోపలికి జరిపాడు. బట్ట కత్తిరించకముందే చెప్పాలి, ఏ కుట్టుపనికైనా.

మొదటి వారం ఎక్కడో ఒకచోట ఒరుసుకుని పుండు పడుతుంది. బ్లేడుతో గీకొద్దు, వెళ్తే నిమిషంలో అరగదీసి ఇస్తారు. అదే మా ఎనిమిదో రోజు. పెట్టుకుని వెళ్ళండి, ఎక్కడ ఒరుస్తుందో అప్పుడే తెలుస్తుంది. వేడి నీళ్ళలో కడగొద్దు, సెట్టు వంకర తిరుగుతుంది. కడిగేటప్పుడు సింకులో తడి తువ్వాలు పరుచుకోండి, చేయి జారినా పగలదు. రాత్రి తీసి నీళ్ళలో వేయాలి. గ్లాసులో మాత్రం వేయొద్దు, మూత ఉన్న డబ్బా కొనండి. మా చిన్నాడు అర్ధరాత్రి దాహమేసి చీకట్లో ఆ గ్లాసే ఎత్తాడు.