వానలు రాకముందే రాత్రి వాచ్‌మన్‌కి చెప్పాల్సినవి

వైద్య పరిశోధన ల్యాబుల్లో వానాకాలం జాగ్రత్తలనగానే అందరం జనరేటర్ గురించే మాట్లాడతాం. నేను మాత్రం రాత్రి డ్యూటీ వాచ్‌మన్‌తో మొదలుపెట్టమంటాను.

2001 జూన్‌లో అలిసన్ తుఫాను హ్యూస్టన్‌లోని టెక్సస్ మెడికల్ సెంటర్‌ని ముంచెత్తింది శుక్రవారం రాత్రి. సెల్లార్లలోకి నీళ్లు చేరి పరిశోధన జంతువులు వేల సంఖ్యలో చచ్చిపోయాయి. హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకింది 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. 2020 అక్టోబరు 13న హైదరాబాదు కాలనీలు మునిగిందీ రాత్రిపూటే. అలాంటి వేళల్లో క్యాంపస్‌లో ఉండేది వాచ్‌మన్లు, జంతువుల గదులు చూసుకునేవాళ్లు. శిక్షణ మాత్రం పగలు వచ్చే మనకే ఇస్తారు.

వాళ్లకు అన్నిటికంటే ముందు చెప్పాల్సింది లిక్విడ్ నైట్రోజన్ గురించి, అంటే శాంపిళ్లను గడ్డకట్టించి ఉంచడానికి వాడే ద్రవ నైట్రోజన్ గురించి. మైనస్ 196 డిగ్రీల చలికి చెయ్యి కాలుతుందని చాలామందికి తెలుసు. ఊపిరి సంగతే తెలియదు. ఒక లీటరు ఒలికితే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది, గదిలోని ఆక్సిజన్‌ని పక్కకు నెట్టేస్తుంది. రంగు లేదు, వాసన లేదు, దగ్గు కూడా రాదు. మనిషి ఉన్నట్టుండి కూలిపోతాడు. కరెంటు పోయి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆగినప్పుడు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. లోపల ఎవరైనా పడిపోయి కనిపిస్తే పరుగెత్తి వెళ్లొద్దని గట్టిగా చెప్పండి. కాపాడబోయినవాళ్లూ ఇలాగే పోతారు. బయటి నుంచి తలుపులు బార్లా తెరవాలి, 112కి ఫోన్ చేయాలి, గాలి సిలిండరు తగిలించుకున్న ఫైర్ సిబ్బందే లోపలికి వెళ్లాలి. నైట్రోజన్ క్యాను లిఫ్టులో ఉంటే ఆ లిఫ్టులో మనుషులు ఎక్కకూడదు. మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో ఊహించండి.

నీళ్లు నిలిచిన గదిలోకి, అక్కడ కరెంటు తీసేశారని తెలిసేదాకా, అడుగు పెట్టొద్దు. శాంపిళ్లు ఎంత విలువైనవైనా సరే.

కరెంటు పోతే శాంపిళ్లు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ తలుపు తెరిచి చూడాలనిపిస్తుంది. తెరవొద్దు, మూసి ఉన్నంతసేపే చలి నిలుస్తుంది. తిరిగి సంపాదించలేని శాంపిళ్లను ఇప్పుడే రెండు భాగాలు చేసి రెండు వేర్వేరు భవనాల్లో పెట్టండి. సెల్లార్‌లో ఏ ఫ్రీజరూ ఉంచకండి.

ఇక జనరేటర్. 2012లో శాండీ తుఫానప్పుడు న్యూయార్క్ బెల్వ్యూ ఆసుపత్రిలో జనరేటర్లు 13వ అంతస్తులో భద్రంగానే ఉన్నాయి. డీజిల్ ఎక్కించే పంపులు సెల్లార్‌లో మునిగాయి. మెట్ల మీద మనుషులు చేతులు మార్చుకుంటూ డీజిల్ మోశారు. మీ డీజిల్ ట్యాంకు, పంపు, స్విచ్ బోర్డు ఎక్కడున్నాయో వెళ్లి కళ్లారా చూడండి. జనరేటర్‌ని ఉత్తగా తిప్పి ఊరుకోక, ఫ్రీజర్ల లోడంతా వేసి నడపండి.

బయోసేఫ్టీ క్యాబినెట్‌లో (క్రిములున్న శాంపిళ్లతో పనిచేసే, గాలిని వడకట్టే అద్దాల పెట్టెలో) పని మధ్యలో కరెంటు పోతే ట్యూబుల మూతలు పెట్టి, అద్దం దించి, బయటికి వచ్చేయాలి. పసుపు సంచుల్లోని జీవవైద్య వ్యర్థాలు 48 గంటలు దాటి ఉంచకూడదు కాబట్టి, రోడ్లు మునిగితే వాటిని తీసుకెళ్లే బండి ఎటునుంచి వస్తుందో ముందే మాట్లాడుకోండి.

ప్రతి ఫ్రీజర్ మీదా ఇద్దరి ఫోన్ నంబర్లు, ఏం చేయాలో నాలుగు ముక్కలు పెద్ద అక్షరాల తెలుగులో అంటించండి. హిందీ చదివే వాచ్‌మన్ ఉంటే హిందీలోనూ రాయండి. జూన్ మొదటివారంలో ఒక ఆదివారం రాత్రి మాక్ డ్రిల్ పెట్టి, ఆ కాగితం చూసి ఆయన ఎవరికి ఫోన్ చేస్తారో, అవతల ఎవరైనా ఎత్తుతారో లేదో చూడండి.