నల్లా నీళ్లలో బ్లీచింగ్ వాసన వస్తుంటే
వానాకాలంలో నల్లా నీళ్లు గ్లాసు నోటి దగ్గరికి తేగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంటుంది. అది క్రిములు చావడానికి నీళ్లలో కలిపే క్లోరిన్‌ది. టీ కూడా అదే రుచి! రాత్రి వెడల్పు మూతి ఉన్న స్టీలు గిన్నెలో 10 లీటర్లు పట్టి, మూతకు బదులు పల్చటి గుడ్డ కట్టి వదిలేయండి. పొద్దుటికి వాసన చాలావరకు పోతుంది. తొందరైతే మూత లేకుండా ఓ 10 నిమిషాలు మరిగించినా సరే. క్లోరిన్ పోయిన నీళ్లు నిలవుంటే క్రిములు చేరతాయి కాబట్టి తాగేవి కాచుకుని, ఏ రోజువి ఆ రోజే వాడేయాలి. చెయ్యి ముంచకుండా గరిటెతో తీసుకోండి.

ఇదంతా క్లోరిన్‌కే. నల్లగొండ వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ దీనికి లొంగదు. కాచేకొద్దీ నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. అలాంటి చోట తాగడానికే కాదు, వంటకూ మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లో ఆర్వో నీళ్లో వాడాలి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటరు చూసి ధైర్యపడొద్దు, అది ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు.