మోకాలు బాగానే ఉంది, అరిగింది బూటు

రెండు నెలలుగా నెక్లెస్ రోడ్డు మీద పరుగెత్తి ఇంటికొచ్చేసరికి కుడి మోకాలు పక్కన, పిక్కలో ఒకటే నొప్పి. వయసు మీద పడుతోందనుకున్నా. నూనె మర్దనా, కాపడం, రెండు రోజులు విశ్రాంతి... దేనితోనూ పూర్తిగా పోలేదు.

ఒకరోజు బూట్లు ఉతికి పిట్టగోడ మీద ఆరబెట్టా. వెనక నుంచి చూస్తే కుడిది బయటికి ఒరిగి ఉంది! మడమ అంచున రబ్బరు అరిగిపోయి లోపలి ఫోమ్ కనిపిస్తోంది. ఫోమ్ పక్కన అడ్డంగా ముడతలు, బొటనవేలితో నొక్కితే చెక్కలా గట్టిగా తగిలింది. పైన గుడ్డ మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. నేను మోసపోయింది అక్కడే.

లెక్కేశా: వారానికి 25 కిలోమీటర్లు, పది నెలలు. వెయ్యి దాటేసింది. సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్యలో మార్చమంటారు. మనిషి బరువును, పరిగెత్తే నేలను బట్టి కాస్త అటూ ఇటూ.

కొత్త జత కొన్నా. మొదటి వారం రోజుకు రెండు మూడు కిలోమీటర్లే పరిగెత్తా. పది రోజుల్లో నొప్పి తగ్గింది. (తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లేవాణ్ణి.) ఇప్పుడు కొన్న తేదీని మార్కర్‌తో ఇన్‌సోల్ కింద రాస్తున్నా. పాతవి కూరగాయల మార్కెట్‌కి పనికొస్తున్నాయి.